భోగి మంటకు ఇచ్చే ముందు ఒక్కసారి చూడండి
పాత కలపకు కొత్త కళ.. సంక్రాంతికి ఇల్లు సిద్ధం చేసుకునే తీరు

అమలాపురం: ధనుర్మాసం ఆరంభమై పల్లెల్లో నెలగంట పెట్టారంటే కోనసీమ లోగిళ్లలో సంక్రాంతి పనులకు శ్రీకారం చుట్టినట్లే. అటకలు దులపడం, గోడలకు సున్నాలు, గుమ్మాలకు రంగులు, ఇత్తడి సామాను తోమడం వరుసగా సాగుతాయి. ఈ క్రమంలోనే కాలు విరిగిన కుర్చీ, నవారు తెగిన పట్టె మంచం, మూత బిగుసుకుపోయిన భోషాణం వీధి అరుగు మీదకు చేరుతాయి. వాటిలో కొన్ని పాత సామాను కొనేవారి బండి ఎక్కుతుండగా, మరికొన్ని భోగి నాటి తెల్లవారుజామున మంటల పాలవుతున్నాయి. తాతల నాటి టేకు కుర్చీని కట్టెగా లెక్కగట్టి వదిలేసిన కుటుంబమే, పండగ వెళ్లగానే పొట్టు చెక్కతో అతికించిన కొత్త సామానుకు వాయిదాలు కట్టడం అనేక ఇళ్లలో కనిపించే విషయం.

పాతదంతా దాచుకోదగినది కాదు. అలాగని పాతదంతా పనికిరానిదీ కాదు. ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో తెలుసుకుని, నాలుగు వారాల ముందు నుంచి పని మొదలుపెడితే తక్కువ ఖర్చుతోనే ఇల్లు పండగ కళ సంతరించుకుంటుంది. అదే సమయంలో పాత రంగులు, స్పిరిట్, నూనె గుడ్డల వల్ల కలిగే ప్రమాదాలను కూడా గుర్తెరగడం అవసరం.

చేవ ఉన్నదా, లేదా?

పాత సామాను విలువను నిర్ణయించేది పైపూత కాదు, లోపలి చేవ. టేకు మానులో మధ్య భాగం బంగారు గోధుమ రంగులో ఉంటుంది. ఇందులోని సహజ తైలాల వల్ల చెదలు దీనిని అంత తేలికగా ముట్టవు. అంచున పాలిపోయినట్లుండే భాగానికి ఈ శక్తి లేదు. కాబట్టి ఒకే మంచంలో మూడు కోళ్లు గట్టిగా ఉండి, నాలుగోది పుచ్చిపోవడంలో వింత లేదు. చెడినది ఆ ఒక్క కోడే. దానిని మార్పిస్తే మంచం మరో తరానికి పనికివస్తుంది.

కలప ఏదో తెలుసుకోవడానికి సామాను అడుగు భాగాన, రంగు పడని చోట గాజు పెంకుతో కొద్దిగా గీకి చూడాలి. టేకు అయితే తోలు వాసనను పోలిన ఘాటు వాసన, చేతికి కాస్త జిడ్డు తగులుతాయి. ఇరుగుడు చెక్క ముదురు ఊదా గోధుమ రంగులో చారలతో బరువుగా ఉంటుంది. పనస చెక్క కొత్తగా గీకినచోట పసుపుగా కనిపించి కాలక్రమంలో ముదురుతుంది. ఈ మూడింటిలో ఏదైనా అయితే బాగుచేయించుకోవడమే లాభం. మామిడి చెక్క, ప్యాకింగు చెక్కలతో చేసిన సామానుకు పురుగు పడితే మాత్రం మమకారం పెంచుకోవలసిన పని లేదు.

మంచి టేకు దొరకడం నానాటికీ కష్టమవుతోంది. ఒకప్పుడు సంపన్న గృహాల్లో గొప్పగా చెప్పుకున్న బర్మా టేకు దుంగల ఎగుమతిని మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. మన దేశంలో అటవీ శాఖల టేకు తోటలు కోతకు రావడానికి సాధారణంగా 50 ఏళ్లకు పైగా పడుతుంది. అందువల్ల పాత కుర్చీలోని ముదురు చెక్కకు సమానమైనది కొత్తగా కొనాలంటే భారీ మూల్యం చెల్లించవలసి ఉంటుంది. పాతదానిని బాగుచేయించినప్పుడు కలపకు ఖర్చు లేదు. కూలి, సామగ్రి మాత్రమే పెట్టుబడి.

మండువా లోగిళ్లను పడగొట్టేటప్పుడు బయటపడే చెక్కడపు స్తంభాలు, ద్వారబంధాల విషయంలో మరో జాగ్రత్త ఉంది. నూరేళ్లు దాటిన శిల్పకళా వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. తూకానికి అమ్మేసే ముందు వాటి వయసు, విలువ తెలిసినవారికి చూపించడం మేలు.

ముందు పురుగు.. తర్వాతే పాలిష్

పుచ్చు ఉన్న చెక్కపై పాలిష్ వేయడం పుండు మీద పౌడరు అద్దడం వంటిది. చెక్కపై సూదిమొన అంత రంధ్రాలు, కింద మెత్తని పిండి కనిపిస్తే తొలిచే పురుగు ఉన్నట్లు అనుమానించాలి. రంధ్రాలన్నీ ఇప్పటివి కాకపోవచ్చు. పిండిని శుభ్రంగా తుడిచి, సామాను కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు కదపకుండా ఉంచాలి. మళ్లీ పిండి రాలితే పురుగు సజీవంగా ఉన్నట్లే. రాలకపోతే అవి పాత గాయాలే కావచ్చు.

చెదల సంగతి వేరు. వాటి మూలం సామానులో కాక నేలలోనో, గోడలోనో ఉంటుంది. గోడ వెంబడి సన్నని మట్టి దారులు కనిపిస్తే సామాను ఒక్కదానికే మందు పూసి ప్రయోజనం లేదు. ముందు ఆ దారిని మూయించాలి. బీరువాలు, భోషాణాలను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో ఉంచి, కాళ్ల కింద రాతి పలకలు పెట్టడం పూర్వీకులు పాటించిన పద్ధతి. కాలువలు, వరి పొలాల నడుమ ఎప్పుడూ చెమ్మ ఉండే కోనసీమలో దీని అవసరం మరింత ఎక్కువ.

రంగు, పాలిష్ తొలగించిన పచ్చి చెక్కకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటి ద్రావణాన్ని పూసి ఆరనిస్తే పురుగును నిరోధిస్తుంది. పైపూత ఉన్న చెక్క దీనిని పీల్చుకోదు. పొలానికి కొట్టగా మిగిలిన పురుగుమందులను మంచాలకు, ఊయలలకు పూయడం కొన్నిచోట్ల అలవాటుగా ఉంది. ఇది ఎంతమాత్రం తగదు. రాత్రంతా ముఖం ఆనించి పడుకునే చెక్కపై విషం పూసినట్లవుతుంది.

అతుకులు బిగించాలి.. అల్లిక సరిచూడాలి

కుర్చీ ఊగుతోందంటే చెక్క చెడిందని కాదు, అతుకు వదులైందని అర్థం. చాలామంది ఆ చోట పొడవాటి మేకు దించేస్తారు. దానివల్ల చెక్క చీలి, తర్వాత బాగుచేయడానికి వీలు లేకుండా పోతుంది. అతుకును జాగ్రత్తగా ఊడదీసి, పాత బంకను పూర్తిగా గీకి, కొత్త బంక పూసి, తాడుతో బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచడమే సరైన విధానం. పాత బంకపై కొత్త బంక పట్టదన్నది గుర్తుంచుకోవాలి.

సొరుగులు వానాకాలంలో బిగుసుకుని శీతాకాలంలో వదులవడం సహజం. చెక్క చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది. వర్షాల్లో బిగిసిందని చిత్రిక పట్టించిన సొరుగు పండగ నాటికి లొడలొడలాడుతుంది. బిగుసుకున్న సొరుగు అంచులకు కొవ్వొత్తి రుద్దితే తరచూ అదే చాలు.

బెత్తం అల్లిక కుర్చీ మధ్యలో కుంగితే వెంటనే కొత్త అల్లిక వేయించనక్కర లేదు. పోగులు తెగకుండా ఉంటే, అడుగు వైపు నుంచి వేడినీటిలో తడిపిన గుడ్డతో అల్లికను బాగా తడిపి నీడన ఆరబెట్టాలి. ఆరేటప్పుడు బెత్తం ముడుచుకుని అల్లిక బిగుస్తుంది. పోగులు తెగితే మాత్రం అల్లేవారిని పిలవవలసిందే. చూపు లేనివారికి కుర్చీ అల్లికను ఉపాధిగా నేర్పే సంప్రదాయం మన దేశంలో చాలాకాలంగా ఉంది. వేళ్ల స్పర్శతోనే సాగే ఈ పనికి గిరాకీ ఇవ్వడమంటే ఆ జీవనోపాధిని నిలబెట్టడమే. నూలు నవారును విప్పి, ఉతికి, ఎండలో ఆరేసి మళ్లీ అల్లితే పట్టె మంచం కొత్తదిలా ఉంటుంది. నులక మంచానికి కాళ్ల వైపు తాడు బిగిస్తే సరిపోతుంది.

లక్క పాలిష్‌లో కిటుకు

పాత సామానుకు వేసే స్పిరిట్ పాలిష్‌లో అసలు పదార్థం లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్క పురుగు స్రవించే జిగురును శుద్ధి చేసి పలుచని రేకులుగా తయారుచేస్తారు. లీటరు స్పిరిట్‌లో సుమారు 150 గ్రాముల రేకులు వేసి రాత్రంతా నాననిచ్చి, గుడ్డలో వడగడితే పాలిష్ సిద్ధమవుతుంది.

పని మొదలుపెట్టే ముందు పాత పూత ఏదో పరీక్షించాలి. కనిపించని మూలన స్పిరిట్‌లో ముంచిన దూది అద్దితే అక్కడ జిగటగా మారితే అది లక్క పాలిష్. అటువంటప్పుడు చెక్కంతా గీకవలసిన పని లేదు. సబ్బు నీటిలో పిండిన గుడ్డతో మురికిని తుడిచి, ఆరాక పలుచగా రెండు పూతలు వేస్తే మెరుపు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న పొగ, చేతి జిడ్డు వల్లనే చాలా సామాను నల్లబడి ఉంటుంది.

పూర్తిగా కొత్త పాలిష్ వేయదలచినప్పుడు పాత పూత తొలగించాక 80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. ఎప్పుడూ చెక్క చారల వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాక మరింత స్పష్టంగా కనిపిస్తాయి. పగుళ్లలో చెక్క రంగుకు సరిపోయే లప్పం పెట్టి ఆరనివ్వాలి. పలుచని మొదటి పూత ఆరాక 320 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, దూదిని మెత్తని నూలు గుడ్డలో చుట్టిన పొట్లంతో పూత మీద పూత వేయాలి. చిక్కగా ఒక్క పూత వేయడం కంటే పలుచగా ఐదారు పూతలు వేయడం శ్రేష్ఠం.

పండగ రోజుల్లో మంచు ఎక్కువ. చెమ్మ గాలిలో లక్క పాలిష్ వేస్తే పైన తెల్లని పొర తేలుతుంది. అందుచేత మంచు విడిపోయి ఎండ వచ్చిన తర్వాత మొదలుపెట్టి, సాయంత్రం చల్లబడేలోగా ముగించాలి. భోజనాల బల్లకు లక్క పాలిష్ అనుకూలం కాదు. వేడి గిన్నె పెట్టినచోట తెల్లని మచ్చ పడుతుంది. అటువంటి బల్లలకు వేడిని, తడిని తట్టుకునే వార్నిష్ మేలు.

పాత రంగులో పొంచి ఉన్న సీసం

రంగులు వేసిన పాత తలుపులు, కిటికీలు, ఊయలల విషయంలో అసలు ప్రమాదం కంటికి కనిపించదు. ఒకప్పటి ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం సమ్మేళనాలు విరివిగా వాడేవారు. గృహావసర రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు ప్రకటించగా, అవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నట్లుగానే భావించడం క్షేమం.

తెలుగు ఇళ్లలో గడపకు ఏటా పసుపు రంగు వేయడం ఆచారం. అసలు పసుపు బదులు ఎనామిల్ వేసిన ఇళ్లలో పొర మీద పొరగా పాత రంగు పేరుకుని ఉంటుంది. పండగ ముందు దీనిని పొడిగా గీకినా, గరుకు కాగితంతో రుద్దినా లేచే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పసిపిల్లలు నేలపై పాకి, ఆ చేతులనే నోట పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణులకూ హానికరం.

కాబట్టి పాత రంగును తడిపి మాత్రమే రుద్దాలి. పని జరిగేటప్పుడు పిల్లలు, గర్భిణులు దూరంగా ఉండాలి. కింద పట్టా పరచి, రాలిన పొరలను పోగుచేయాలి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పని చేసేవారు ముక్కుకు, నోటికి తగిన మాస్కు ధరించి, పని ముగిశాక చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. పాత పొర గట్టిగా ఉంటే గీకకుండా దానిపైనే కొత్త రంగు వేయడం ఉత్తమం. కొత్త రంగు కొనేటప్పుడు డబ్బాపై సీసం పరిమితికి సంబంధించిన ప్రకటన ఉన్నదో లేదో చూడాలి.

గోడలు, ఇత్తడి, పటాలు, బొమ్మలు

సున్నం వేసే ఇళ్లలో ముడిసున్నాన్ని కనీసం ఒక రోజు ముందే నీటిలో నాననివ్వాలి. నీరు తగలగానే అది సలసల మరుగుతుంది. కంట్లో పడితే చూపునకే ముప్పు. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు. గుడ్డలో వడగట్టిన సున్నానికి కాస్త తుమ్మ బంక, చిటికెడు నీలిమందు కలిపితే గోడకు పట్టి తెల్లగా మెరుస్తుంది. అయితే ఇప్పటికే ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడపై సున్నం నిలవదు, పొరలుగా రాలిపోతుంది.

ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. గాలి, చెమ్మల వల్ల నల్లబడిన పొరను చింతపండులోని ఆమ్లం కరిగిస్తుంది. అందుకే చింతపండు, ఉప్పు కలిపి తోమగానే మెరుపు వస్తుంది. వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవకపోతే మళ్లీ మచ్చలు పడతాయి. వంటకు వాడే ఇత్తడి గిన్నెల లోపల కళాయి పోయి ఉంటే పండగ పులుసులకు వాడరాదు. కళాయి వేయించిన తర్వాతే పొయ్యి ఎక్కించాలి.

గోడ పటాల అద్దంపై నేరుగా నీళ్లు చల్లితే అంచుల నుంచి లోపలికి దిగి చిత్రం పాడవుతుంది. తడి గుడ్డను బాగా పిండి తుడవడమే మేలు. పటం వెనుక కాగితం చిరిగితే మార్చాలి. గోడకు, పటానికి మధ్య చిన్న చెక్క ముక్కలు అతికిస్తే గాలి ఆడి చెమ్మ పట్టదు.

సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పాత బొమ్మలకు తడి తగలనివ్వరాదు. కొండపల్లి బొమ్మలను తేలికైన తెల్ల పొణికి చెక్కతో మలిచి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అవయవాలు అతికించి రంగులు వేస్తారు. వీటిని మెత్తని పొడి కుంచెతో దులిపితే చాలు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రపై లక్క రంగులతో తయారవుతాయి. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. కుర్చీలు పాలిష్ చేసిన గుడ్డతోనే వీటినీ తుడిస్తే రంగు ఊడివస్తుంది.

నిప్పుతో జాగ్రత్త

స్పిరిట్ ఆవిరి దూరం నుంచే నిప్పును అందుకుంటుంది. వంటింటి పక్కన, దీపం వెలిగే గదిలో, బీడీ కాలుస్తూ పాలిష్ పని చేయరాదు. అవిసె నూనెతో తుడిచిన గుడ్డల విషయం చాలామందికి తెలియదు. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేస్తే ఆ వేడి పెరిగి, ఎవరూ నిప్పు పెట్టకపోయినా మండుకోవచ్చు. గడ్డివాములు, తాటాకు పాకలు ఉన్నచోట దీని పర్యవసానం ఊహించవచ్చు. వాడిన గుడ్డలను ఆరుబయట విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

నాలుగు వారాల ప్రణాళిక

మొదటి వారం: అటక మీది సామాను దించి ఎండకు పెట్టడం, కలప గుర్తించడం, పురుగు పరీక్ష. వడ్రంగికి, అల్లేవారికి ముందుగా చెప్పి ఉంచడం. పని చివరి వారానికి చేరితే వారు దొరకడం కష్టం.

రెండో వారం: పురుగు మందు, అతుకుల బిగింపు, విరిగిన భాగాల మార్పు, బెత్తం, నవారు అల్లిక.

మూడో వారం: గోడలకు సున్నం లేదా రంగు. గోడల పని ముగిశాకే సామాను పాలిష్ చేయాలి. లేకపోతే సున్నపు చుక్కలు, దుమ్ము కొత్త పాలిష్‌పై పడతాయి.

నాలుగో వారం: పాలిష్ చివరి పూతలు, ఇత్తడి తోమడం, పటాలు, బొమ్మలు. పాలిష్ చేసిన సామానును కనీసం రెండు మూడు రోజులు వాడకుండా ఆరనివ్వాలి. రంగు వాసన పోయేలా గదుల కిటికీలు తెరిచి ఉంచాలి.

మంటలో ఏది వేయవచ్చు?

ఇంత చేసినా కొన్ని వస్తువులు మిగిలిపోతాయి. పాతదానిని అగ్నికి అర్పించడం భోగి ఆచారం. దానికి తగినవి ఎండు కట్టెలు, కొబ్బరి మట్టలు, పిడకల దండలు, పూర్తిగా పుచ్చిన రంగు లేని చెక్క. రంగు వేసిన తలుపు ముక్కలు మంటలో పడితే సీసం కాలిపోదు. కొంత పొగలో కలిసి, మిగిలినది బూడిదలో ఉండిపోతుంది. భోగి మంటపై నీళ్లు కాచుకుని స్నానం చేయడం, ఆ బూడిదను నుదుట పెట్టుకోవడం ఆచారంగా ఉన్నచోట ఈ విషయం మరింత ఆలోచించదగ్గది. ప్లాస్టిక్ వైరు కుర్చీలు, రెక్సిన్ పరుపులు, టైర్లు, జిగురుతో అతికించిన పొట్టు చెక్క బల్లలు కాల్చితే వెలువడే విషవాయువులు మంట చుట్టూ చేరిన పిల్లల, వృద్ధుల ఊపిరితిత్తులకు చేటు చేస్తాయి. అటువంటి వాటిని చెత్త సేకరణకు అప్పగించాలి.

భోగి ముందు రోజుల్లో యువకులు మంటకు కలప పోగుచేస్తూ అరుగుల మీది సామానును చడీచప్పుడు కాకుండా ఎత్తుకుపోవడం కూడా పల్లెల్లో పాత వేడుకే. బాగుచేయించాలనుకున్న కుర్చీని వీధిలో వదలకుండా లోపల పెట్టుకోవడమే దీనికి విరుగుడు. ఒకసారి మంటలో పడ్డాక అది ఎంత మంచి టేకైనా మిగిలేది బూడిదే.